కారు చక్రము చాటున రబ్బరు తిత్తి

ఇంటిలోని వస్తువులు పెక్కులు చెడిపోవుటకు ముందే మనకు కబురు చెప్పును. తలుపు బందు కిర్రుమనును. కుక్కరు రబ్బరు సడలిన మూత ప్రక్కనుండి ఆవిరి చిమ్మును. పప్పు డబ్బాలో పురుగు పట్టబోవునపుడు వాసనయే మారును. ఇల్లాలు ఈ కబుర్లను వినుట కలవాటుపడినది గనుక సకాలమున దిద్దుకొనగలుగుచున్నది. వాకిట నిలిచియున్న కారు విషయమున మాత్రము, అది మగవారి వ్యవహారమనియో, మెకానిక్కు చూచుకొనుననియో తలంచి మనలో పెక్కుమంది ఆ వంకకే పోరు. పిల్లలను బడికిని, పెద్దలను ఆసుపత్రికిని తామే కారు నడపుకొని తీసికొనిపోవు సోదరీమణులు నేడెందరో యున్నారు. కాని వంగి ఆ కారు చక్రము వెనుక నేమున్నదో చూచినవారు అరుదు. అచ్చట నొక చిన్న రబ్బరు వస్తువు కలదు. దాని వెల కొన్ని వందల రూపాయలు. అది చినిగినపుడు చూడకుండిన యెడల పైబడు ఖర్చు కొన్ని వేలు.

దీనిని మెకానిక్కులు బూటు అందురు. విడిభాగముల అంగడిలో యాక్సిలు బూటు అని యడిగినచో ఇత్తురు. ఇది కాలికి తొడుగు బూటు కాదు. సామాను పెట్టుకొను డిక్కీకి ఇంగ్లీషువారు పెట్టిన బూటు అను పేరితో దీనికి సంబంధము లేదు. కమ్మరి కొలిమితిత్తివలె, హార్మోనియపు తిత్తివలె మడతలు మడతలుగా నుండు నల్లని రబ్బరు తొడుగు. ఒక కొన వెడల్పుగను, ఒక కొన సన్నముగను ఉండును. రెండు కొనలను లోహపు పట్టీలతో బిగింతురు. దాని కడుపునిండ గ్రీజు ఉండును.

ఇది యెందుకో తెలియవలెనన్న కారు నడక కొంచెము తెలియవలయును. మన తెలుగునాట అనేక కుటుంబములకు మొదటి కారైన మారుతి 800నే తీసికొందము. 1983 డిసెంబరు 14వ తేదీన ఢిల్లీలో ప్రధాని ఇందిరాగాంధీ చేతులమీదుగా మొదటి కారు తాళములు ఇయ్యబడెను. 2014 జనవరిలో ఆ కారు తయారీ నిలిచిపోయెను. కావున నేడు రోడ్డుమీద కనబడు మారుతి 800లు అన్నియు పాతవే. పదునైదేండ్లు నిండిన సొంత కారును పరీక్షకు నిలిపి, రిజిస్ట్రేషనును అయిదేసి యేండ్లకు పొడిగించుకొనుచు నడపుకొనువారు చాలమంది కలరు. వారికే ఈ మాటలు ముఖ్యముగా పనికివచ్చును.

అంబాసిడరు, పద్మిని కార్లలో ఇంజను ముందున్నను బలము వెనుక చక్రములకు పోవును. కనుక తాతగారి కాలపు కారుకు ముందు చక్రముల వెనుక ఈ తిత్తులు లేకుండెను. మారుతిలో ముందు చక్రములే కారును లాగును. గేరుపెట్టెనుండి కుడి చక్రమునకొకటి, ఎడమ చక్రమునకొకటి ఉక్కుకడ్డీలు పోవును. వీనిని డ్రైవ్ షాఫ్టు లందురు. ఇందొక చిక్కు కలదు. ముందు చక్రము గిరగిర తిరుగుటయే కాదు, గుంటలో పడినపుడు పైకిని క్రిందికిని ఊగవలయును, స్టీరింగు త్రిప్పినపుడు ప్రక్కకు మరలవలయును. తిన్నని కడ్డీ యొక్కటియే అయినచో ఇది సాధ్యము కాదు. కావున కడ్డీకి రెండు కొనలయందును మన మోచేతివంటి కీళ్లు పెట్టిరి. వీనికి సి.వి. జాయింట్లని పేరు. గేరుపెట్టె వైపు కీలు లోపలికిని బయటికిని కొంత జరుగును. చక్రము వైపు కీలు బాగుగా వంగును.

వంగినను చక్రమును ఒకే వేగముతో త్రిప్పుట ఈ కీలులోని విశేషము. మామూలు శిలువ కీలు వంగినపుడు ప్రతి చుట్టులోను రెండుసార్లు త్వరగను, రెండుసార్లు నెమ్మదిగను త్రిప్పి బండిని అదరగొట్టును. ఆల్ఫ్రెడ్ ర్జెప్పా అను ఇంజనీరు 1927లో ఒక కొత్త కీలునకు పేటెంటు కోరెను. గిన్నెవంటి ఉక్కుభాగములో గాడులు, ఆ గాడులలో ఆరు ఉక్కుగుండ్లు, గుండ్లను చెదరకుండ పట్టియుంచు పంజరము, ఇంతియే దాని రూపము. 1959లో ఇంగ్లండున మినీ అను చిన్నకారు ఈ కీళ్లతోనే బయలుదేరి, ముందు చక్రములతో లాగు చిన్నకార్లకు దారి చూపెను.

ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టుట మన పల్లెలలో అందరెరిగినదే. బండి నెమ్మదిగా పోవును గనుక కందెన పైపైన ఉన్నను చాలును. మారుతి చక్రపు చుట్టుకొలత సుమారు 1.6 మీటరు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున అది నిమిషమునకు 600 మారులకు పైగా తిరుగును. అట్టి వేగములో తొడుగులేని గ్రీజు నిలుచునా? చల్ల చిలుకునపుడు కుండకు మూతలేకున్న నేమగునో అదియే యగును. అందుకే ఈ రబ్బరు తిత్తి. లోపలి గ్రీజును బయటికి పోనీయదు, బయటి దుమ్మును, నీటిని లోనికి రానీయదు. అది చినిగిన దినము మొదలుకొని రెండును జరుగును. గ్రీజు చిమ్మిపోవును, ఇసుక చేరును. ఇసుక పడిన ఉక్కుగుండ్లు తిరుగలిలో గింజలు నలిగినట్లు గాడులను నలుపుచు, తామును నలుగును.

రబ్బరు చినుగుటకు వయసే మొదటి కారణము. మన యెండలకును ఇంజను వేడికిని మడతల అడుగున సన్నని పగుళ్లు పుట్టును. స్టీరింగును చివరివరకు త్రిప్పియుంచి ఒక్కసారిగా యాక్సిలరేటరు త్రొక్కు అలవాటు మడతలను విపరీతముగా లాగును. కంకరరాయి, తుమ్మముల్లు కూడ చాలును. మరియొక కారణము మనము డబ్బిచ్చి చేయించుకొనునది. కొన్ని షెడ్లలో కారు కడిగిన పిమ్మట తుప్పు పట్టకుండునని అడుగుభాగమంతయు డీజిలునో, పాత ఆయిలునో పిచికారీ చేయుదురు. ఇనుమునకు మంచిదేమో కాని రబ్బరునకు అది పనికిరాదు. నీళ్లతో కడిగించి, అంతటితో చాలునని చెప్పుట మేలు.

చూచు పద్ధతి యేమనగా: కారును చదునైన చోట నిలిపి, ఇంజను ఆపి, చేతిబ్రేకు వేయవలయును. స్టీరింగును పూర్తిగా ఒక వైపునకు త్రిప్పి, సెల్‌ఫోను దీపముతో ముందు చక్రము వెనుకకు చూడవలయును. పిమ్మట రెండవవైపునకు త్రిప్పి మరల చూడవలయును. మడతలు విచ్చుకొని అడుగుననున్న పగుళ్లు అప్పుడే కనబడును. చక్రపు లోపలి అంచుమీదగాని, టైరుమీదగాని కాటుకవలె నల్లని జిడ్డు చారలు పడియున్నచో బూటు చినిగినదనియే అర్థము. లోపలి బూటు గేరుపెట్టె దగ్గర నుండును. దానికి ఇంకను వంగవలయును. జాకీమీద లేపిన కారు క్రింద మాత్రము దూరరాదు. వర్షాకాలమునకు ముందొకసారి, తరువాత నొకసారి చూచిన చాలును. అయిదు నిమిషముల పని.

జిడ్డు కనబడిన తరువాత తేల్చుకొనవలసిన ముఖ్యవిషయము ఒకటి కలదు: బూటు మాత్రమే పోయినదా, కీలు కూడ పోయినదా? ఇచ్చటనే చాల కుటుంబములు అనవసరముగా నష్టపోవుచున్నవి. మనుష్యసంచారము లేని మైదానమున స్టీరింగును పూర్తిగా త్రిప్పి, కిటికీ అద్దము దించి, నెమ్మదిగా గుండ్రముగా నడపి చూడవలయును; ఒకమారు ఎడమకు, ఒకమారు కుడికి. చక్రము వైపునుండి కటకట, టకటక మని లెక్కపెట్టినట్లు శబ్దము వచ్చినచో బయటి కీలు అరిగినది. తిన్నగా పోవుచు వేగము హెచ్చించునపుడు అదురు పుట్టినచో లోపలి కీలును అనుమానింపవలయును. శబ్దము లేకున్నచో చినిగినచోటి గ్రీజును కొంచెము తీసి రెండు వ్రేళ్ల నడుమ రుద్దవలయును. వెన్నవలె నున్నగా నుండిన కీలు బ్రతికియున్నది. బొంబాయి రవ్వవలె గరగరలాడిన ఇసుక చేరినది. విప్పి, కడిగి, గాడులను పరీక్షింపక నిర్ణయింపరాదు. తుప్పు రంగు కనబడిన ఆశ తక్కువ.

మూడేండ్ల క్రిందట మా కారునకు ఎడమవైపు ఈ జిడ్డు కనబడినపుడు ఒక షెడ్డునకు తీసికొనిపోతిమి. "అమ్మా, యాక్సిలు మొత్తం మార్చాలి. బూటొక్కటే వేస్తే నిలవదు" అని మెకానిక్కు చెప్పెను. "శబ్దం వస్తున్నదా బాబూ?" అని యడిగితిని. "ఇప్పుడు లేదమ్మా, ముందు ముందు వస్తుంది" అనెను. అతనిని మోసగాడని నేననను. బూటు మార్చుటకును, యాక్సిలు మార్చుటకును విప్పవలసిన పని ఇంచుమించు ఒకటియే. బూటు మాత్రమే వేసి పంపిన కారు రెండు నెలలకు శబ్దము చేసిన, నిందపడునది అతడే. అతని వంక అతనికి న్యాయముగనే తోచును. కాని డబ్బు మనది. గ్రీజు నున్నగా నుండుటచే మా తమ్ముడును నేనును ఇంటివద్దనే బూటు మార్చితిమి. ఆ కీలు నేటికిని నిశ్శబ్దముగనే యున్నది.

ఇంటివద్ద చేయవచ్చునా యని యడుగుదురు. స్పానరు పట్టిన అలవాటు, సహాయమునకు మరియొక మనిషి, గట్టి చదునైన నేల, ఆ కారు మరమ్మతు పుస్తకము, ఈ నాలుగును ఉన్నచో ఒక దినములో చేయవచ్చును. ఏ యొక్కటి లేకున్నను షెడ్డులో ఎదుటనుండి చేయించుకొనుటయే బుద్ధిమంతుల పని. మట్టినేలమీద జాకీ దిగబడును. జాకీయొక్కటియే ఆధారముగా లేపిన కారు క్రింద తలగాని, చేయిగాని పెట్టరాదు. గట్టి ఇనుప స్టాండ్లమీద కారును ఆనించి, ఊపి చూచి, అటుపిమ్మటనే పని మొదలిడవలయును. పిల్లలను ఆ చాయలకు రానీయరాదు. ఇటుకలు పేర్చి స్టాండ్లనుకొనువారున్నారు. ఇటుక బరువునకు చెప్పకయే పగులును.

మొదటి పని చక్రము నేలమీద నుండగనే చేయవలయును. చక్రము నడుమ డ్రైవ్ షాఫ్టు కొనను పట్టియుంచు పెద్ద నట్టు మిక్కిలి బిగువుగా నుండును. కొన్ని కార్లలో దానికి కాటరు పిన్ను, కొన్నిటిలో నట్టు అంచునే గాడిలోనికి నొక్కియుందురు. దానిని విడదీసి, వెనుక చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, చేతిబ్రేకు వేసి, పొడుగుపిడి రించితో నట్టును కొంచెము సడలింపవలయును. స్టాండ్లమీద ఊగుచున్న కారుపై ఈ బలము ప్రయోగింపరాదు. తరువాత కారును లేపి చక్రము తీయవలయును. క్రింది చేతిని చక్రపు భాగముతో కలుపు బాల్ జాయింటు బోల్టు విప్పి, చక్రపు భాగమును బయటికి లాగినచో షాఫ్టు కొన అందులోనుండి జారివచ్చును. ఆ సమయమున బ్రేకు గొట్టము వ్రేలాడి సాగకుండ చూచుకొనవలయును. షాఫ్టును గేరుపెట్టెనుండి కూడ ఊడదీయవలసియున్నచో ముందుగా గేరు ఆయిలును పళ్లెములోనికి దింపుకొనవలయును. లేకున్న అది వాకిటి ముగ్గుమీదికి పారును.

ఏ కొననుండి బూటు ఎక్కింపవలెనన్నది కారునుబట్టి యుండును. కొన్ని కార్లలో బయటి కీలును మెత్తని సుత్తితో తట్టి ఊడదీయవచ్చును. మరికొన్నిటిలో బయటి కీలును విప్పనే కూడదు. లోపలి కీలును విప్పి, అటునుండియే రెండు బూట్లను ఎక్కింపవలయును. ఇచ్చట ఊహ పనికిరాదు, పుస్తకము చెప్పినదే చేయవలయును. విప్పకముందు ఏ భాగము ఏ వైపునకున్నదో రంగుతో గుర్తు పెట్టుకొనుట మంచిది. ఉలితో గాటు పెట్టరాదు.

విప్పిన ఉక్కుభాగములను కిరసనాయిలుతో కడిగి పూర్తిగా ఆరబెట్టవచ్చును. విప్పని కీలులో కిరసనాయిలు పోయరాదు. అది లోపల నిలిచి కొత్త గ్రీజును పలుచన చేయును. గుడ్డతో పాత గ్రీజు తుడిచి తీయవలయును. కొత్త బూటునకు కిరసనాయిలుగాని, పెట్రోలుగాని తగులనే రాదు. గుండ్లను ఒక్కొక్కటిగా వెలుతురులో చూచినచో గుంటలు, గీతలు, పెచ్చులు ఉన్నవో లేవో తెలియును. గాడిలో గోరునకు తగులు పల్లము ఉన్నచో ఆ కీలునకు కొత్త బూటు వేయుట పాత కుండకు కొత్త మూత చేయించుటయే.

షాఫ్టు కొననున్న పళ్లు కత్తివలె నుండును. వానికి టేపు చుట్టి, దానిపై బూటును జార్చినచో రబ్బరు కోసికొనదు. చేతివ్రేళ్లకును ఇది మంచిది. బూటుతోపాటు వచ్చు గ్రీజు పొట్లమునే వాడవలయును. చక్రము వైపు కీలునకు సాధారణముగా మాలిబ్డినము డైసల్ఫైడు కలిసిన నల్లని గ్రీజు ఉండును. లోపలి కీలునకు వేరొక రకము ఉండవచ్చును. ఒకదానికి బదులొకటి వాడుట, రెండును కలుపుట తగదు. పూర్ణము కుక్కినట్లు గ్రీజును గుండ్ల నడుమకు వ్రేలితో నొక్కి నింపి, మిగిలినది బూటులో పెట్టవలయును. పొట్లము మొత్తము వాడవలయును గాని, మిగుల ప్రేమతో రెండవ పొట్లము కుక్కరాదు.

పట్టీలు బిగించుటలో నొక చిన్న రహస్యము కలదు. ముందు వెడల్పు కొనను బిగించి, సన్నని కొన అంచుక్రింద మొండి పుల్లనొకదానిని దూర్చి లోపలి గాలిని పోనీయవలయును. అట్లు చేయకున్న బూటు బూరెవలె ఉబ్బియో, పీల్చుకొనిపోయియో ఉండి, కొలది కాలములోనే మరల చినుగును. మడతలు సహజముగా నిలిచినవని చూచి, మెలిపడలేదని చూచి, అప్పుడు సన్నని పట్టీ బిగింపవలయును. కీలును చేతితో అన్ని వైపులకు వంచి త్రిప్పి చూచిన పిమ్మట షాఫ్టును కారులో పెట్టవలయును. గేరుపెట్టెలోనికి దూర్చునపుడు అచ్చటి ఆయిలు సీలు పెదవి తెగకుండ తిన్నగా పట్టుకొనవలయును. అది తెగిన ఆయిలు కారుచునే యుండును.

చక్రము చుట్టు పెట్టకయే అంటించుకొను చీలిక బూట్లును బజారులో దొరకును. షాఫ్టును విప్పనక్కరలేదని వానికి పేరు. రెండు అంచులను జిగురుతో కలుపవలయును. జిడ్డు లేశమైనను ఉన్నచో ఆ అతుకు నిలువదు, కారు క్రింద జిడ్డులేని చోటెక్కడ? దూరప్రయాణములో చిక్కుపడినపుడు తాత్కాలికముగా సరే. ఇంటికి వచ్చిన తరువాత దానిని నమ్ముకొని యుండుట నాకు సమ్మతము కాదు.

తిరిగి కూర్చునపుడు బాల్ జాయింటు బోల్టును, కాటరు పిన్నును మరువరాదు. పిన్ను కొత్తది వేయవలయును. అంచు నొక్కిన నట్టు అయినచో నట్టే కొత్తది వేయవలయును. నడిమి నట్టు చివరి బిగింపు చక్రము మరల నేల తాకిన తరువాత, పుస్తకములోని లెక్కప్రకారము టార్కు రించితో చేయవలయును. అది చేయకముందు కారును కొంచెమైనను దొర్లింపరాదు. చక్రపు బేరింగు చెడును. తరువాత చక్రపు నట్లు బిగించి, దింపిన గేరు ఆయిలునకు బదులు పుస్తకములో చెప్పిన రకపు ఆయిలు పోసి, మైదానమున గుండ్రముగా రెండు చుట్లు నడపి చూడవలయును.

ఇంత శ్రమ యెందుకు, నడిచినన్నాళ్లు నడువనిమ్మనువారు ఒక సంగతి తెలిసికొనవలయును. కీలు పూర్తిగా విరిగినచో, రెండవ చక్రము బాగుగనే యున్నను ఈ చిన్నకారు కదలదు. ఇంజను బలమంతయు విరిగిన వైపే వట్టిగా తిరిగిపోవును. అది మన వీధి చివరనే జరుగునన్న నమ్మకము లేదు. రాత్రివేళ పిల్లలతో ఘాటుదారిలో నున్నపుడును జరుగవచ్చును.

100 కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల దీపము పట్టి పట్టీలను, జిడ్డును చూచి, చక్రపు నట్లు సడలినవేమో సరిచూడవలయును. మార్చిన తేదీని, కిలోమీటర్ల అంకెను కాగితముమీద వ్రాసి కారు పుస్తకములో నుంచిన, తరువాత ఎవరు షెడ్డునకు తీసికొనిపోయినను పనికివచ్చును. చేతుల జిడ్డునకు ముందు వంటనూనె రుద్ది, తరువాత సెనగపిండితో తోమి, చివర సబ్బు పెట్టినచో పోవును; చీరకు అంటిన నల్లగ్రీజు మాత్రము తేలికగా పోదు, పాతచీరయే కట్టుకొనవలయును. పళ్లెములో పట్టిన గేరు ఆయిలును కాలువలో పారబోయక, డబ్బాలో పోసి షెడ్డున ఇచ్చినచో పాత ఆయిలు కొనువారు వచ్చి తీసికొనిపోవుదురు.